తాడు ఆగిన యాసంగి

హనుమండ్లు తండ్రి చచ్చిపోయినందుకు నాకు ఏ కోపమూ లేదు. ఎనభై దాటిన మనిషి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అంతకంటే మంచి చావు ఎవరికి దొరుకుతుంది? చచ్చిన తండ్రిని అద్దాల పెట్టెలో పడుకోబెట్టి, ఆదివారం దాకా లేపకుండా, మా ఊరి నోట్లో మట్టి కొట్టినందుకు హనుమండ్లు మీద నాకు కోపం. రెండేళ్లయినా అది చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

హనుమండ్లు నాకు వరుసకు బావ. మా సుల్తానాబాద్ చుట్టుపక్కల విత్తనం కోసం ఆడమగ వరి వేసే ప్రతి ఊర్లోనూ ఇలాంటి బావ ఒకడుంటాడు. ఆర్గనైజర్ అంటారు. విత్తనాల కంపెనీకీ రైతుకూ నడుమ నిలబడేవాడు. కంపెనీ ఇచ్చే మూలవిత్తనం వాడి చేతుల మీదుగా రావాలి, మందులు వాడి దుకాణంలోనే కొనాలి, పండిన వడ్లు వాడి కాంటా మీదే ఎక్కాలి. పచ్చివని ఇంత కోత, తాలు ఉందని ఇంత కోత. ఏందయ్యా అని అడిగితే "కంపెనోళ్లు అన్నరు" అంటాడు. ఆ కంపెనీ వాళ్ల ముఖం మాలో ఎవడూ చూడలేదు. లారీ వచ్చేది, తడి వడ్లు తడిగానే ఎత్తుకుపోయేది. ఎక్కడో పట్నంలో ఎండి, ఎక్కడో తూర్పారబట్టి, ఎక్కడో సంచుల్లోకెక్కి, మళ్లీ మా సుల్తానాబాద్ దుకాణాలకే విత్తనంగా వచ్చేవి. మా పొలాల్లో పండింది కరీంనగర్‌లో ప్లాట్లు అయింది. అక్కడ హనుమండ్లుకు మూడు ఉన్నాయి. మాకు గడ్డి మిగిలింది.

దీన్ని మార్చాలన్న బుద్ధి ముందుగా పుట్టింది మమతారాణికి. మహిళా సంఘంలో పనిచేసి, వడ్ల కొనుగోలు కేంద్రం రెండు మూడు పంటలు నడిపిన మనిషి. నన్ను అన్నా అని పిలుస్తుంది. ఆమె చేసిన పని చెబితే నవ్వొస్తుంది. విత్తనం సంచి మీద అచ్చేసి ఉన్న ఫోన్ నంబరుకు ఫోన్ చేసింది. అంతే. ఆ సంచులు పదిహేనేళ్లుగా మా ఇళ్లలో ఉన్నాయి. వాటి మీద పడుకున్నాం, వాటితో గొడ్లకు పట్టాలు కుట్టాం, వానకు నెత్తిన కప్పుకున్నాం. మాలో ఒక్కడికీ ఆ నంబరు కనపడలేదు.

కంపెనీ నుంచి అరుణ్ అనే ఆఫీసరు వచ్చాడు. రైతు వేదికలో ఊరంతా కూర్చుంది. హనుమండ్లు కూడా వచ్చి ముందు వరుసలోనే కూర్చున్నాడు, పెళ్లికి వచ్చినట్టు తెల్లచొక్కా వేసుకుని.

"సంఘం పెట్టుకుంటే మాకు అభ్యంతరం లేదు," అన్నాడు అరుణ్. "నేరుగా మీతోనే రాసుకుంటం. ఆరబెట్టుడు, తూర్పారబట్టుడు, సంచులకెక్కిచ్చుడు అంతా మీ ఊర్లనే చేసుకోండి. ఆ కూలి మీదే, ఆ కమీషన్ మీదే. కాని ఈ యాసంగి పంటకు నాకు ఎకరాకు ఎనిమిది క్వింటాళ్ల విత్తనం చూపియ్యాలె. చూపిస్తే మూడేళ్ల అగ్రిమెంటు."

"చూపియ్యకపోతే?" అని ఎవరో అడిగారు.

"మళ్ల పాత పద్ధతే."

హనుమండ్లు తల ఊపాడు, తనకేమీ పట్టనట్టు.

ఇక కావలసింది సిమెంటు కల్లం, రేకుల షెడ్డు, తూర్పారబట్టే మిషను. బ్యాంకు అప్పు ఇస్తానంది. కాని కల్లానికి జాగ ఊరే ఇయ్యాలి. లారీ తిరిగేట్టు రోడ్డు పొంటి ఉండాలి, కరెంటు స్తంభం దగ్గర ఉండాలి. మమతారాణి ఆ మాట అనగానే అందరూ ఎవరి చెప్పుల వైపు వాళ్లు చూసుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఇంత సేపూ చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడికి పోయాయి?

"నా జాగ తీసుకోర్రి," అన్నాను. "రోడ్డు పొంటి పన్నెండు గుంటలు. సంఘం పేరు మీద రాసిస్త."

వెనక నుంచి ఒక్కడు చప్పట్లు కొట్టాడు. చూస్తే హనుమండ్లు తండ్రి మొండయ్య. గోడకు ఆనుకుని, కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "సెబాష్‌రా బాలమల్లూ! మా వానితోని గాని పని నువ్వు జేసినవు!" అని అరిచాడు. జనం నవ్వారు. హనుమండ్లు కూడా నవ్వాడు.

"బావ పెద్దమనసు జేసిండు," అన్నాడు నా భుజం తట్టి. "కల్లం ముందట బావ పేరు మీద రాయి పెట్టాలె. ఆ రాయి ఖర్చు నాది."

తన నాలుగెకరాలూ సంఘంలోకే రాయించాడు. అప్పుడు నేను ఆశ్చర్యపోయాను. మంచివాడైపోయాడేమో అనుకున్నాను.

ఇంటికి పోయేసరికి మాట నాకంటే ముందే చేరింది. నా భార్య అనసూర్య కూర గంటె చేతిలో పట్టుకునే వాకిట్లో నిలబడి ఉంది.

"నన్ను ఒక్క మాటన్న అడిగినవా?"

"ఊరి కోసం ఇచ్చిన."

"ఊరు నీకు అన్నం వెడతదా? రోడ్డు మీది జాగ. పోరనికి దుకాణం వెడుదామని ఎన్నేండ్ల సంది అనుకుంటున్న!"

"దుకాణం పెడితె మనమొక్కలమే బతుకుతం. కల్లం పడితె ఊర్ల వడ్లు ఊర్లనే ఎండుతయి. ఇరువై మంది ఆడోళ్లకు ఏడాది పొడుగూత పని. మనకు సంఘంల వాటా వస్తది."

"గీ మాటలు నీయా? మమతారాణి దగ్గర కంఠపాఠం వట్టినవా?" అని గంటెను పొయ్యి మీద పడేసింది. నేను చదివింది ఏడో తరగతి. కంఠపాఠం నాకు బడిలో కూడా రాలేదు. కాని ఆ మాటలు మాత్రం పట్టుకున్నాను, నిజమే.

కల్లం పడింది. సంక్రాంతి నాటికి సిమెంటు ఆరింది. షెడ్డు లేచింది. మిషను లారీలో వచ్చిన రోజు ఆడవాళ్లు దానికి బొట్లు పెట్టారు. మేం ఊరంతా ఒక్క చుట్టుగా ఆడమగ వరి నాటాం. నడుమ ఒక్క మడి కూడా వేరే వరి లేదు. మా ఊరు ఒక పని మీద అట్లా కలవడం నేను పుట్టాక చూడలేదు.

ఆడమగ వరి సంగతి తెలియనివాళ్లకు ఒకటి చెప్పాలి. ఇందులో ఆడ వరికి తనంతట తనకు గింజ పట్టదు. రెండు సాళ్లు మగది, ఎనిమిది సాళ్లు ఆడది, ఇట్లా నాటుతాం. పూతకొచ్చాక మడికి చెరో పక్క ఇద్దరు నిలబడి, పొడుగాటి తాడును కంకుల ఎత్తులో బిగబట్టి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నడుస్తారు. తాడు తగిలి మగ కంకులు ఊగుతాయి. పొడి పొగలాగా లేచి ఆడ కంకుల మీద పడుతుంది. ఎండ ఎక్కితేనే పూలు విచ్చుకుంటాయి, మధ్యాహ్నం దాటితే మూసుకుంటాయి. ఆ కాస్త సేపట్లో నాలుగుసార్లు తాడు గుంజాలి. పూత మొత్తం వారం పది రోజులే. అందులో బలంగా ఉండేది నడుమ నాలుగైదు రోజులు. అప్పుడు తాడు ఆగితే కంకి తాలే. తర్వాత ఏ మందు కొట్టినా, ఎంత ఎరువు చల్లినా లాభం లేదు.

హోలీ పోయిన వారానికి పూత అందుకుంది. ఆ మొదటి రెండు రోజులు మా పొలాలు జాతరలా ఉన్నాయి. ఎటు చూసినా తాళ్లు, రుమాళ్లు కట్టుకున్న తలలు, పొడి.

"మెల్లగ గుంజవే! కంకులు ఇరుగుతయి!" అని ఒకామె అరిస్తే, ఇంకొకామె, "మగోడు మెల్లగ గుంజితె కదులుతడా? మా ఇంటాయనను సూడు, తాడు గట్టి గుంజినా మంచం దిగడు!" అంది. మడి మడంతా నవ్వు.

మొండయ్య రోజూ వచ్చి నా పొలం గట్టు మీద కూర్చునేవాడు. ఆ గట్టు మీద తుమ్మ నీడ ఉండేది. అక్కడి నుంచి అందరి మీదా అరిచేవాడు. "ఏయ్ అనసూర్యా! నీ దిక్కు తాడు కిందికైంది, లేపు! బాలమల్లూ, నీ పెండ్లామే నీకంటే నయం, సక్కగ నడుస్తంది!" అరవై ఏళ్లు నాగలి పట్టిన మనిషి. కొడుకు తిన్న కమీషన్‌లో ఒక్క టీ కూడా తాగలేదని ఊరంతా అనేవాళ్లు. నేను చూసినంత వరకు నిజమే.

గురువారం రెండోసారి తాడు తిప్పుతున్నాం. సగం మడి దాటాక ఆయన అరుపు వినపడలేదు. తలెత్తి చూశాను. తుమ్మకు ఆనుకునే ఉన్నాడు, కళ్లు మా వైపే ఉన్నాయి. కాని కర్ర జారి కాలువలో పడి ఉంది.

తాడు మడిలోనే వదిలేసి ఉరికాం. పక్క మడుల వాళ్లు కూడా ఉరికివచ్చారు. మంచం తెచ్చి ఇంటికి మోశాం. ఆ మంచానికి ఒక కాలు దగ్గర నేనే ఉన్నాను.

మా ఊర్లో ఒక కట్టు ఉంది. ఊర్లో పీనుగ ఉన్నంతసేపు ఎవరూ పొలంలో దిగరు. నాగలి కట్టరు, కొడవలి పట్టరు. ఎవరిల్లయినా సరే, ఏ కులమైనా సరే. దాన్ని నేనూ తప్పు పట్టను. మామూలుగా అది ఒక పూట ముచ్చట. పొద్దున పోతే సాయంత్రానికి కాలుస్తారు, తెల్లారి ఎవరి పని వాళ్లది. ఆ కట్టు పెట్టిన మా తాతలకు అద్దాల పెట్టెలు తెలియవు.

హనుమండ్లుకు తెలుసు. గంటలో సుల్తానాబాద్ నుంచి ఫ్రీజర్ తెప్పించాడు. "తమ్ముడు మస్కట్ నుంచి రావాలె. వాడు బాపు మొకం సూడకుండ ఎట్ల లేపుదం?" అన్నాడు. తమ్ముడు సంపత్ శుక్రవారం రాత్రికి దిగుతాడట. సరే అనుకున్నాం. కొడుకు కదా. తండ్రి ముఖం చూడవద్దని ఎవడంటాడు?

శుక్రవారం పొద్దున ఎండ ఎక్కింది. మేమంతా హనుమండ్లు వాకిట్లో టెంటు కింద కుర్చీల్లో కూర్చుని ఉన్నాం. అందరి కళ్లూ మాటిమాటికీ పొలాల వైపే పోతున్నాయి. అక్కడ పూలు విచ్చుకున్నాయి. మాకు కనపడకపోయినా తెలుసు.

మధ్యాహ్నం మమతారాణి నా కుర్చీ వెనక నిలబడి మెల్లగా అంది, "అన్నా, నువ్వన్న అడుగు. నేను ఆడిదాన్ని. పీనుగ ముందట వడ్ల ముచ్చట తీస్తె ఉరికిచ్చి కొడుతరు."

నేను హనుమండ్లు దగ్గరికి పోయి కూర్చున్నాను. "బావా, సంపత్ ఈ రాత్రికి వస్తడు గద. పొద్దుగాల ఎండ ఎక్కకముందే పెద్దమనిషిని లేపుదాం."

"రేపు శనివారం బావా. శనివారం పీనుగ లేస్తె ఇంకొకన్ని తోడు తోలుకపోతది."

"గట్లయితె పాడెకు కోడిపిల్లను కడుదాం. మా చిన్నాయన శనివారమే లేచిండు. నువ్వే గద కోడిపిల్లను పట్టుకొచ్చి కట్టినవ్!"

హనుమండ్లు కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడ్పు గట్టిగా, అందరికీ వినపడేట్టు వచ్చింది. "మా బాపును కోడిపిల్ల తోడిచ్చి పంపుమంటవా బావా? అరువై ఏండ్లు దున్నిన మనిషిని? మీ వడ్లకు తొందరైతె పోర్రి. నేను మిమ్ముల ఆపుతున్ననా?"

టెంటు కింద ఉన్న ప్రతి తలా నా వైపు తిరిగింది, నేను పీనుగ ఒంటి మీది బంగారం అడిగినట్టు. మమతారాణి ఎప్పుడు వెళ్లిపోయిందో తెలియదు. సంపత్ రాత్రికి వచ్చి తండ్రి మీద పడి ఏడ్చాడు. పీనుగ లేవలేదు. శనివారం కదా.

శనివారం పొద్దున కరెంటు లోవోల్టేజి. జనరేటర్ మీద పెట్టె నడుస్తోంది. డీజిల్ అయిపోవచ్చింది. హనుమండ్లు చుట్టూ చూసి నన్నే పిలిచాడు. "బావా, జర బండి మీద పోయి రెండు డబ్బాలు పట్టుకరా. నీకు ఈ పూట పనేం లేదు గద."

పనేం లేదు గద. ఆ మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

పోయాను. ఇంటి చావుకు పాత పగ అడ్డం రాకూడదని పోయాను. సుల్తానాబాద్ బంకులో డీజిల్ పోయించుకుని వస్తుంటే, మా ఊరికి ఇవతల దుబ్బపల్లి దగ్గర రోడ్డు పక్క పొలంలో మనుషులు కనపడ్డారు. బండి స్లో చేశాను. తాళ్లు గుంజుతున్నారు. నాలుగు జతలు. పొడి రోడ్డు దాకా వచ్చి నా చొక్కా మీద పడింది.

ఆ ఆరెకరాలు హనుమండ్లు కౌలుకు పట్టినవి. నాకు తెలుసు. అయినా బండి ఆపి అడిగాను.

"ఎవల పొలమమ్మా ఇది?"

చెన్నూరు దిక్కు నుంచి వచ్చిన కూలీ ఆమె. తాడు చంకలో పెట్టుకుని చెమట తుడుచుకుంది. "హనుమండ్లు సేటుదన్నా. పక్క ఊరాయననే. వాళ్ల బాపు పోయిండట గద పాపం?"

"ఆ. పోయిండు. పని ఆపలేదా మరి?"

"పొద్దుగాల ఫోన్ జేసిండు. పాపం ఏడ్సుకుంటనే జెప్పిండు, తాడు మాత్రం ఆపకుర్రని."

బండి తీసి వచ్చి, హనుమండ్లు ఇంటి వెనక జనరేటర్‌లో డీజిల్ నేనే నా చేతులతో పోశాను. పోయకపోతే మొండయ్య వాసన కొడతాడు. ఆ మనిషికి నేను అంత చేయలేను.

డబ్బా పక్కన పెట్టి అనసూర్య కోసం చూశాను. ఆడవాళ్ల నడుమ, పెట్టె కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. గోడ దగ్గరికి పిలిచి మొత్తం చెప్పాను. "తాడు పట్టు. పా. ఇంకొక గంటదాక పూలు మూసుకోవు. మన ఎకరంనరన్న దక్కుతది."

అనసూర్య నా ముఖం చూసింది. నమ్మనట్టు కాదు. నమ్మింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. కాని కదలలేదు.

"రేపు మనింట్ల పీనుగ లేస్తె ఎవలు మోస్తరు?" అంది. "నువ్వు సచ్చినా నేను సచ్చినా నలుగురు కావాలె. నేను రాను. నువ్వు గూడ పోకు. నీ కాళ్లు మొక్కుత."

నేను పోయాను. నా తాడు గురువారం ఎక్కడ వదిలానో అక్కడే మడిలో నాని ఉంది. ఒక్కడినే తాడు ఎట్లా గుంజుతారు? ఒక కొసను మడి ఒడ్డున మోటరు స్తంభానికి కట్టాను. రెండో కొస పట్టుకుని నడిచాను. స్తంభం నడవదు కాబట్టి తాడు సాఫుగా పోలేదు. నేను నడిచినకొద్దీ స్తంభం చుట్టూ సగం చక్రంలా తిరిగింది. నా దిక్కు కంకులు ఊగాయి, పొడి లేచింది. స్తంభం దిక్కువి కదలలేదు. నాకు దిక్కులేక అట్లాగే తిరిగాను. బురదలో రెండుసార్లు బోర్లా పడ్డాను. ఎవరైనా చూస్తే పిచ్చివాడనుకుంటారు. అన్ని పొలాల నడుమ ఒక్క మనిషి, ఒక్క తాడు.

చూశారు. మూడోసారి తిరిగేసరికి గట్టు మీద పది పదిహేను మంది ఉన్నారు. ముందు హనుమండ్లు, చెప్పులు లేకుండా, భుజాన కండువాతో.

"బావా, బయటికి రా," అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. "మా బాపు ఇంట్ల పండుకోని ఉన్నడు. ఆయన ప్రాణం పోయిన గట్టు ఇదే. జర ఆలోచన చెయ్యి."

"నీ దుబ్బపల్లి పొలంల తాడు నడుస్తంది!" అని అరిచాను. "నా కండ్లతోని సూసిన! పొద్దుగాల ఫోన్ జేసి నడిపిస్తున్నవ్! మా పొలాలు ఎండాలె, నీది పండాలె! చెప్పు, అవునా కాదా?"

హనుమండ్లు కోపం చేయలేదు. చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగి, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. "దుబ్బపల్లిల పీనుగ లేదు గద బావా."

ఒక్కొక్క తల ఊగింది. అవును, దుబ్బపల్లిలో పీనుగ లేదు. కట్టు మా ఊరికే. హనుమండ్లు ఏ తప్పూ చేయలేదు. పక్క పొలం వెంకటి, సంఘం పెట్టిన రోజు నాతో కలిసి కల్లానికి ముగ్గు పోసినవాడు, మడిలోకి దిగి నా చేతిలోంచి తాడు తీసుకున్నాడు. నా ముఖం చూడకుండా దాన్ని చుట్ట చుట్టుకుని పోయాడు.

ఆదివారం పీనుగ లేచింది. డప్పులు, పటాకులు, పూలు. మొండయ్య చూస్తే సిగ్గుపడేవాడు. పాడె దగ్గరికి పోయి భుజం పెట్టబోతే, "నీది వద్దు," అన్నారు ఎవరో. ఎవరన్నారో నాకు తెలుసు, రాయను, వాడు కూడా హనుమండ్లు దుకాణంలో అప్పున్నవాడే. నేను అందరికంటే వెనక నడిచాను.

దహనం అయ్యాక కాలువలో స్నానాలు చేస్తున్నాం. సంపత్ నా పక్కన వచ్చి మునిగాడు. పసిపిల్లవాడిలా ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది. వాడికి ఊరి సంగతి ఏమీ తెలియదు.

"అన్నకు బాపు మీద ఎంత పాణమో బావా," అన్నాడు. "నేను గురువారమే ఫోన్ల జెప్పిన. నా కోసం ఆపకుర్రి, ఎండకాలం, పీనుగను ఆపద్దు, వీడియోల సూత్త, మీరు లేపుర్రి అని. అన్న వినలే. నువ్వు వచ్చినంకనే లేపుత అన్నడు."

నేను కండువా పిండుకున్నాను. మళ్లీ ముంచి మళ్లీ పిండుకున్నాను. ఆ కండువాలో ఇక నీళ్లు లేవు.

సోమవారం అందరూ పొలాల్లోకి ఉరికారు. తాళ్లు తెగేట్టు గుంజారు. మగ పూత రాలిపోయింది. గుంజితే పొడికి బదులు పొట్టు రాలింది.

కోతల ముందు అరుణ్ వచ్చాడు. మడి మడికీ దిగి కంకి తెంపి అరచేతిలో నలిపి ఊదాడు. దాదాపు ప్రతిచోటా అరచెయ్యి ఖాళీ అయింది. ఒక్క నా పొలం గట్టు మీద ఆగాడు. ఎకరంనరలో ఒక పక్క, సగం చక్రం మేర, కంకులు బరువుకు వంగి ఉన్నాయి. ఎవరో కొలిచి గీసినట్టు. ఆ గీత అవతల, స్తంభం దిక్కు, కంకులన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి. తాలు వంగదు.

"ఇక్కడేం జరిగింది?" అని అడిగాడు అరుణ్.

ఊరంతా గట్టు మీదే ఉంది. అందరికీ తెలుసు ఏం జరిగిందో. అది ఎవరి పనో ఆ వంగిన కంకులే చెబుతున్నాయి. ఇప్పటికైనా ఒక్కడు నోరు తెరుస్తాడనుకున్నాను.

ఒక ముసలాయన తెరిచాడు. "పీనుగ ఉండంగ తాడు గుంజిండు సారూ. వాని ఒక్కనిది పండింది. ఆ పాపం ఊరికి తాకింది."

తల కొట్టుకోవాలనిపించింది. కాదు, తలలు పగలగొట్టాలనిపించింది. అరుణ్‌కు ఏమీ అర్థం కాలేదు. కాగితంలో రాసుకుని కారెక్కాడు. ఎకరాకు ఎనిమిది రావలసిన చోట మూడు కూడా రాలేదు. తర్వాతి పంటకు కంపెనీ పాత పద్ధతికే పోయింది. ఆ యాసంగి ఆ కంపెనీకి నిండుగా విత్తనం పండిన పొలం ఒక్కటేనట, దుబ్బపల్లిలో ఆరెకరాలు.

సంఘం ఇంకొక ఏడాది కాగితం మీద బతికింది. కల్లం మీద, మిషను మీద బ్యాంకు అప్పు పెరుగుతూ పోయింది. వాయిదా కట్టడానికి ఇంటికి ఇంత అంటే ఎవడూ ఇయ్యలేదు. పాపాత్ముడి జాగలో కట్టిన కల్లం అచ్చిరాదన్నారు. చివరికి హనుమండ్లే ముందుకు వచ్చాడు, ఊరి పరువు పోతోందని. బ్యాంకు అప్పు తాను కడతాడట. కల్లం, షెడ్డు, మిషను, కింది జాగతో సహా తన పేరు మీద రాయాలట.

మమతారాణి కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నా, నీ జాగన్న నీకు మలిపియ్యాలని బ్యాంకుల కొట్లాడిన. కల్లం, జాగ వేర్వేరు గాదంటున్నరు. మెంబర్లందరివి సంతకాలు కావాలె." కాగితాలు నా చేతిలో పెట్టి అంది, "ఆ రోజు నిన్ను ముందుకు తోసి నేను ఎనుకకు పోయిన. నాకు యాదికుంది."

"నువ్వు జేసిందేం లేదు," అన్నాను. కోపం ఆమె మీద లేదు. ఆ సంచి మీది నంబరు చూసిన కళ్లు ఊర్లో ఆమెవే. ఏడో తరగతిలో నేర్చిన సంతకం పెట్టాను. అనసూర్య వంటింట్లోంచి బయటికి రాలేదు. వచ్చి తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మా ఊరి వడ్లు మా ఊర్లోనే ఎండుతున్నాయి. అదొక్కటి జరిగింది. ఆడవాళ్లకు పని కూడా దొరికింది, హనుమండ్లు ఇచ్చే కూలికి. లాభం మాత్రం కరీంనగర్ పోతుంది, నాలుగో ప్లాటుకు. రైతులు కల్లం మీద వడ్లు పోస్తే సంచికింత అని కిరాయి కడతారు. నేను కూడా కడతాను. నా పొలం వడ్లు ఇంకెక్కడ ఆరబోయాలి?

మొన్నటి కోతల్లో నేను వడ్లు ఆరబోస్తుంటే హనుమండ్లు షెడ్డు నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన గోడకు తండ్రి ఫోటో, దానికి దండ. నాకు టీ పంపించాడు. తాగలేదు.

"ఎందుకు బావా ఇంక కోపం?" అన్నాడు నవ్వుతూ. "ఇది నీ కల్లమే అనుకో."

అనుకోవడానికేం? కిరాయి కట్టేటప్పుడు ప్రతిసారీ అనుకుంటాను. నా పేరు మీద పెడతానన్న రాయి ఇంకా పెట్టలేదు. పాసుబుక్కులో మాత్రం నా జాగ ఉంది, అతని పేరు మీద: సర్వే నంబరు నూట నలభై ఒకటి, రోడ్డు పొంటి, పన్నెండు గుంటలు.